సుంకపుటెల్లలు – న్యాయపుటెల్లలు

విశాఖపట్టణము రేవునుండి అరకులోయకు రమారమి 115 కిలోమీటర్ల దారి. అనంతగిరి కొండలెక్కి కాఫీతోటల నడుమగా పోవు ఆ మార్గమును మన జిల్లాలవారు పెక్కురెఱుగుదురు. ఆ దూరమునకు మూడింతలు తూర్పుముఖముగా సముద్రముమీద పోయినను భారతదేశపు సుంకపుశాఖ యధికారము ముగియదను సంగతి మాత్రము మనలో ఎందఱెఱుగుదురో చెప్పజాలము. 2018వ సంవత్సరము వఱకు ఆ యధికారము తీరపు ఆధారరేఖనుండి 24 నాటికల్ మైళ్లతో, అనగా సుమారు 44 కిలోమీటర్లతో నిలిచియుండెను. ఆ యేటి ఆర్థికశాసనముతో అది 200 నాటికల్ మైళ్లకు, అనగా సుమారు 370 కిలోమీటర్లకు పెరిగెను. 1962 నాటి కస్టమ్సు శాసనములో ‘భారత సుంకజలములు’ అను పదమునకు గల నిర్వచనమందు కొన్ని మాటలు మాఱినవి. ఆ మాటలతో ఎనిమిదింతలకు మించిన దూరము సుంకపు అధికారుల చేతిక్రిందికి వచ్చినది. బడ్జెటు వెంట నడచు శాసనములలోని ఇట్టి మార్పులపై జనుల దృష్టి పోవుట అరుదు. ఆదాయపుపన్ను ఎంత తగ్గెను, ఏ సరకు వెల ఎంత పెరిగెను అను విచారముననే మనము తృప్తిపడుచుందుము.

ఈ విస్తరణము అక్రమమని మేమనుట లేదు. స్వతంత్రదేశమునకు తన సముద్రమును కాచుకొను హక్కు కలదు. కాచుకొనక తప్పదు గూడ. కాని అధికారపుటెల్ల ఎంతదూరము జరిగినదో న్యాయపుటెల్లయు అంతదూరము జరుగవలయునని మా వాదము. మొదటిది జరిగి రెండవది ఒడ్డుననే నిలిచిపోయినచో కలుగు ఫలమేమో తెలిసికొనుటకు పరదేశముల చరిత్ర వెదుకనక్కఱలేదు. మన తూర్పుకనుమల మన్యపు చరిత్రయే చాలును.

ముందు ఈ ఎల్లల పుట్టుకను చూతము. 1878లో పరప్రభుత్వమువారు సముద్రసుంక శాసనమును చేసిన కాలమున రాజ్యపు సముద్రపుటెల్ల తీరమునుండి మూడు మైళ్లు మాత్రమే. ఒడ్డుననున్న ఫిరంగి గుండు పడునంత దూరమే రాజ్యమను పాతలెక్కనుండి అది పుట్టినదందురు. ఎల్ల చిన్నదైనను ఆ సుంకపు బరువు చిన్నది కాదు. విదేశపు బట్టపై సుంకము వేసినచో లంకాషైరు మిల్లులకు నష్టమని తలచి, 1896లో దిగుమతిబట్టపై నూటికి 3½ వంతున సుంకము వేయుచు, దానికి సరితూకముగా మన మిల్లుబట్టపైనను నూటికి 3½ పన్ను విధించిరి. 1925లో గాని ఆ పన్ను నిలువలేదు. సముద్రపు నీటినుండి తీసిన ఉప్పుపైనను పన్నుండెను. అది 1947లో గాని తొలగలేదు. మన్యపు సంతలో గుప్పెడుప్పు కొన్న కొండజనులును ఆ పన్ను చెల్లించినవారే. కనుక సముద్రపు టొడ్డున విధించు పన్ను కొండలవారికి సంబంధింపదనుట ఏనాడును నిజము కాలేదు.

స్వరాజ్యము వచ్చిన పిమ్మట మన ప్రభుత్వము ఎల్లలను క్రమముగా జరిపినది. 1956లో ప్రాదేశికజలములు 6 మైళ్లయినవి. 1967లో 12 మైళ్లయినవి. 1976లో పార్లమెంటు చేసిన శాసనము మూడు పట్టీలను స్పష్టపఱచినది. మొదటి 12 మైళ్లు మన నేలవలెనే మనవి. 24 మైళ్ల వఱకు సుంకములు, రాకపోకలు, ఆరోగ్యము, రక్షణ మొదలగు విషయములలో తనిఖీ చేయు అధికారము కలదు. 200 మైళ్ల వఱకు చేపలు, చమురు, ఖనిజములపై హక్కులు మనవి. 2018 నాటి మార్పు రెండవపట్టీకి చెందిన సుంకాధికారమును మూడవపట్టీ అంచువఱకు సాగదీసినది. దీనితో సుంకపు అధికారి ఆ జలములలో నౌకను ఆపవచ్చును, వెదుకవచ్చును. దొంగరవాణా చేసెనని నమ్ముటకు కారణమున్నచో మనుష్యుని నిర్బంధింపవచ్చును.

ఇంతదూరము పోవలసిన పని యేమి? దొంగరవాణాదారుల యుక్తియే దీనికి కారణము. పెద్దనౌక ఎల్లకవతల నిలుచును. చిన్నపడవలు రాత్రివేళ పోయి సరకు దింపుకొని వచ్చును. ఎల్ల ఎక్కడనుండిన దానికి గజము అవతలనే నౌక నిలుచును. పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండుతీరమున బ్రాందీ, తేయాకు ఇట్లే దిగెను. ‘తచ్చాడు నౌకల’ను పట్టుటకు ఆ దేశమువారు ప్రత్యేకశాసనములు చేసికొనిరి. మద్యనిషేధకాలమున అమెరికాతీరమునను ఇదే జరుగగా, 1924లో ఆ దేశము ఇంగ్లండుతో ఒడంబడిక చేసికొని, తీరమునకు ఒక గంట ప్రయాణదూరములో నున్న నౌకలను తనిఖీచేయు వీలు సంపాదించెను. మన బంగాళాఖాతము మాట చూడుడు. 2024 నవంబరులో అండమానుదీవుల కడ, బారెన్ ద్వీపమునకు సమీపమున, బర్మాకు చెందిన ఒక చేపలపడవలో సుమారు 6,000 కిలోల మెథాంఫెటమిను అను మత్తుమందును తీరరక్షకదళమువారు పట్టిరి. అంతటి విషము మన ఊళ్లకు చేరకముందే నడిసముద్రమున పట్టువడుట మంచిదికాదని ఎవరనగలరు?

ఐనను హక్కు వేఱు, దానిని వాడు తీరు వేఱు. 1995లో మన దేశము ఆమోదించిన 1982 నాటి సముద్రన్యాయపు ఒడంబడిక 33వ అధికరణము సుంకపు తనిఖీకి 24 మైళ్ల ఎల్లనే చెప్పుచున్నది. 200 మైళ్ల మండలములో మనము కట్టిన చమురుబావుల కట్టడములపై సుంకాధికారము నిచ్చినది గాని, తన దారిని తాను పోవు పరదేశనౌకను సుంకము నెపమున ఆపు హక్కును స్పష్టముగా ఇచ్చియుండలేదు. ఇది మాటలతగవు కాదు. పశ్చిమాఫ్రికాలోని గినీదేశము తన తీరమునుండి 250 కిలోమీటర్ల వఱకు సుంకమండలమని ప్రకటించుకొని, చేపలనౌకలకు చమురు పోసిన సైగా అను నౌకను 1997 అక్టోబరులో కాల్పులు జరిపి పట్టుకొనెను. 1999 జూలైలో హాంబర్గునందలి అంతర్జాతీయ సముద్రన్యాయస్థానము ఆ సుంకమండలము ఒడంబడికకు విరుద్ధమనియు, వాడిన బలము మితిమీఱినదనియు తీర్పుచెప్పి, 21 లక్షల డాలర్లకు మించిన పరిహారమును విధించెను. మత్తుమందులనౌకల విషయమున 1988 నాటి ఒడంబడిక వేఱొక మార్గమును చూపినది: నౌక ఏ దేశపు జెండా ఎగురవేయునో ఆ దేశపు అనుమతిపొంది దానిని తనిఖీచేయవచ్చును. ఏ దేశపు జెండాయు లేని నౌక మాట వేఱు. కావున మన అధికారులకు దారి లేకపోలేదు. ఏ నౌకకు ఏ దారి తగునో ముందుగా వ్రాతమూలకముగా నిర్ణయించుకొనుట అవసరము. లేనిచో నేరస్థుడు తప్పించుకొనుటయు, దేశము దోషియై నిలుచుటయు సంభవించును.

కస్టమ్సు శాసనము 106వ సెక్షనులో ఇంకొక మాట గలదు. ఆగుమని సంకేతమిచ్చినను ఆగని నౌకను తఱుమవచ్చును; హెచ్చరికగా ఒక గుండు పేల్చినపిమ్మటను ఆగనిచో దానిపై కాల్పులు జరుపవచ్చును. 24 మైళ్లలో నుండిన ఈ అనుమతి నేడు 200 మైళ్లకు వ్యాపించినది. 1929 మార్చిలో అమెరికా తీరరక్షకనౌకలు ‘ఐయామ్ ఎలోన్’ అను కెనడా సారాయినౌకను రెండువందల మైళ్లకు పైగా తఱిమి మెక్సికో అఖాతమున ముంచివేసినవి. నావికుడొకడు మునిగి చనిపోయెను. అది సారాయినౌకయే యైనను ముంచుట న్యాయముకాదని 1935లో మధ్యవర్తులు తేల్చిరి. అమెరికా క్షమాపణ చెప్పి కెనడాకు 25,000 డాలర్లు చెల్లించెను. ధనికదేశముల నడుమ ఇట్టి తప్పునకు క్షమాపణయు పరిహారమును దొఱకును. మన భీమునిపట్టణపు పడవవానికో, ఉప్పాడ జాలరికో అట్టి తప్పు జరిగినచో వాని పక్షమున మాటాడు మధ్యవర్తి ఎవరు?

శాసనమున రక్షణలు లేకపోలేదు. 102వ సెక్షను ప్రకారము, తనిఖీకి లోనగు మనుష్యుడు తన్ను గెజిటెడు అధికారి యెదుటికో మేజిస్ట్రేటు యెదుటికో తీసికొనిపొమ్మని కోరవచ్చును. ఒడ్డున ఇది నిజమైన హక్కు. ఒడ్డునకు 300 కిలోమీటర్ల దూరమున, అలలపై ఊగు పడవలో, అర్ధరాత్రివేళ దీని విలువ యెంత? నిర్బంధింపబడినవానిని 24 గంటలలో మేజిస్ట్రేటు యెదుట నిలుపవలయునని రాజ్యాంగము 22వ అధికరణము శాసించినది. ప్రయాణమునకు పట్టిన కాలమును మాత్రము లెక్కనుండి తీసివేసినది. నేలమీద ఆ మినహాయింపు కొన్ని గంటలు. సముద్రముపై అది రెండు దినములు గావచ్చును. గాలివాన వచ్చినచో అంతకు మించియు గావచ్చును. కారణములేక సోదా చేయించిన అధికారికి 136వ సెక్షను ఆఱునెలల వఱకు శిక్ష చెప్పినది. ఐనను 155వ సెక్షను ప్రకారము సుంకపు అధికారిపై వ్యాజ్యము వేయవలసినచో ముందుగా ఒక నెల నోటీసు ఇయ్యవలయును. మూడునెలల గడువు దాటరాదు. చదువురాని జాలరి వకీలును వెదకుకొని, నోటీసు వ్రాయించి, నెల గడువిచ్చి, మూడునెలలలోపల కోర్టు మెట్లెక్కుట సాధ్యమా?

2025 ఫిబ్రవరిలో సుప్రీముకోర్టు రాధికా అగర్వాలు వ్యాజ్యమున ఇచ్చిన తీర్పు కొంత ఊఱట కలిగించుచున్నది. సుంకపు అధికారులు పోలీసులు కాకపోయినను, నిర్బంధమునకు గల కారణములను వ్రాసియుంచుట, నిర్బంధితునకు వానిని తెలుపుట మొదలగు నియమములను పాటింపవలసినదేనని అందు స్పష్టమైనది. తీర్పు ఢిల్లీలో వచ్చినది. దానిని నడిసముద్రమునకు మోసికొనిపోవు బాధ్యత శాఖవారిది.

సముద్రముమీద గీత కనబడదు. ఈ సంగతిని శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల జాలరులకంటె బాగుగ ఎఱిగినవారు లేరు. గుజరాతుతీరమునకు కూలికై పోయిన మన జాలరులు 2018 నవంబరులో పాకిస్థానుచేత పట్టుపడిరి. వారిలో 20 మంది 2020 జనవరిలో గాని వాఘా సరిహద్దుదాటి స్వదేశమున కాలుపెట్టలేదు. ఒక గీత దాటిరను నేరారోపణకు వారి యిండ్లలో పదునాలుగు నెలలు కూలిడబ్బు లేకపోయెను. పరదేశపు చేతిలో మనవారికి జరిగినదానికి మనము బాధపడితిమి, న్యాయముగనే బాధపడితిమి. మన అధికారులచేతిలో మనవారికే అట్టి కష్టము రాకుండ చూచుటయు అంత న్యాయమే.

ఇక మన్యము మాట. అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతములకును సుంకజలములకును ఏమి పొత్తని అడుగువారుందురు. శ్రీలంకకు పడవలలో పోనున్న గంజాయి తమిళనాడు తీరమున పట్టువడినపుడు, అది ఆంధ్ర–ఒడిశా సరిహద్దు కొండలనుండి వచ్చినదని అధికారులు పలుమాఱులు వెల్లడించిరి. సముద్రమున చేరు ఆ సరకు ప్రయాణము కొండవాలున మొదలగుచున్నది. 2021లో మన రాష్ట్రపు పోలీసులు ‘పరివర్తన’ అను పేర మన్యమున వేలాది యెకరముల గంజాయి తోటలను నఱికివేసిరి. ఆ పని చేయవలసినదే. కాని 1985 నాటి శాసనము ప్రకారము 20 కిలోలకు మించిన గంజాయితో దొఱకినవానికి పదేండ్లకు తక్కువకాని కఠినశిక్ష; జామీను దొఱకుట దుర్లభము. అట్లు దొఱకువాడెవడు? మూట మోసిన కొండకుఱ్ఱవాడు, లారీ తోలిన కూలివాడు, పడవ నడపిన జాలరి. విత్తనమునకు ముందుసొమ్మిచ్చి, లారీ కుదిర్చి, పడవకు బాడుగ కట్టిన పెట్టుబడిదారుడు కొండపైనను లేడు, సముద్రముపైనను లేడు. వాడు మైదానపు పట్టణములలో గౌరవముగ కూర్చుండి యుండును. వానికొఱకే 1989లో ఆ శాసనమునకు 27ఎ సెక్షనును చేర్చి, మత్తుమందుల వర్తకమునకు పెట్టుబడి పెట్టువారికి పదేండ్లనుండి ఇరువదియేండ్ల వఱకు శిక్ష విధించిరి. వారి ఆస్తులను జప్తుచేయుటకు ఒక అధ్యాయమునే చేర్చిరి. ఆయుధము చేతనున్నది. దానిని పైకెత్తుటయే తక్కువ.

అధికారము కొండలపైకి ఎక్కి న్యాయము క్రిందనే నిలిచిపోయినచో ఏమగునో మనకు తెలియును. 1839 నాటి శాసనముతో గంజాము, విశాఖపట్టణము కొండలు సాధారణ న్యాయస్థానముల పరిధినుండి తొలగి కలెక్టరు ఏజెంటుగా పాలించు ప్రాంతములైనవి. రంపసీమలో కొండజనులు తమ చెట్లనుండి తాము గీచుకొన్న కల్లుపై పన్ను పడెను. అప్పులిచ్చిన మైదానపు వర్తకులు వారి పరోక్షమున డిక్రీలు పొంది పశువులను ధాన్యమును తోలుకొనిపోయిరి. మొఱ వినువాడు లేకపోగా 1879లో తిరుగుబాటు పుట్టెను. 1882 నాటి అడవుల శాసనము పోడు సేద్యముపై మఱియొక గీత గీచెను. ఆ గీతయు, బాటలపనిలో వెట్టిచాకిరియు కలిసి 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వమున మన్యమును మండించినవి. ఆ గీతలన్నియు కాగితముపై న్యాయముగనే కనబడినవి. కల్లుపన్నునకు కారణము చెప్పిరి, అడవిరక్షణకు కారణము చెప్పిరి. గీత గీచినవారు మొఱ వినుటకు మాత్రము ఎవనిని నియమింపలేదు. తప్పంతయు అందున్నది. ఆ డిక్రీలు పొందినవారు తెల్లదొరలు కారు, మన మైదానమువారేనను సంగతియు మఱవరాదు.

అధికారము చాలక నేరము జరుగుచున్నదను వాదము ఎల్లపుడును నిజము కాదని కాకినాడ చూపినది. అచటి లంగరురేవున పెద్దనౌకలు సముద్రమున దూరముగ నిలువగా, బార్జీలు సరకును మోసికొనిపోవును. 2024 నవంబరు 29వ తేదీన ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ పడవపై పోయి, పశ్చిమాఫ్రికాకు బియ్యముతో పోనున్న ‘స్టెల్లా ఎల్’ నౌకను నిలుపుడని ఆజ్ఞాపించిన వార్త దేశమంతట వ్యాపించినది. బీదల చౌకబియ్యము వేయిటన్నులకు మించి అందున్నట్లు తనిఖీలో తేలగా దానిని క్రిందికి దింపించిరి. ఆ నౌక 200 మైళ్ల అంచున లేదు; ఒడ్డునకు సమీపముననే యున్నది. ఆ బియ్యము కార్డుదారుని సంచినుండి దలారికి, దలారినుండి మిల్లునకు, మిల్లునుండి గిడ్డంగికి, గిడ్డంగినుండి బార్జీకి చేరినది. ప్రతిమజిలీయందును ఒక అధికారి కన్నుండెను, ఒక రిజిస్టరుండెను. నౌకను ఆపు అధికారము రాష్ట్రమునకా, కేంద్రపు సుంకశాఖకా అని చర్చ నడచునంతలో, దారిలోని కన్నులేల మూసికొనెనను ప్రశ్న వెనుకబడిపోయెను. నేలమీద చూడనివాడు నీటిమీద చూడగలడా?

మేము కోరునవి పెద్దకోరికలు కావు. సుంకజలములలో ఆపిన ప్రతిపడవకు, ఆపిన స్థలమును కాలమును కారణమును తెలుపు వ్రాత ఒకటి పడవవానికి తెలియు భాషలో, తెలుగువానికి తెలుగులో, అప్పుడే ఇయ్యవలయును. ఉపగ్రహముల సాయమున స్థలము క్షణములో తెలియు ఈ దినములలో ఇది కష్టము కాదు. ఏమియు దొఱకనపుడు తెగిన వలకు, పాడైన చేపలకు పరిహారము తనంతతానే దొఱకు పద్ధతి యుండవలయును. సముద్రముపై పట్టువడినవారి విషయమున మేజిస్ట్రేటు యెదుటికి చేర్చుటకు పట్టిన కాలమును గంటలలో లెక్కవ్రాసి కోర్టునకు సమర్పింపవలయును. 155వ సెక్షనులోని మూడునెలల గడువును జాలరులకైన పెంచవలయును. మన్యమున మూట దొఱకినపుడు ఆ మూట వెనుకనున్న సొమ్ముదారుని వెదకకయే దర్యాప్తును ముగింపరాదు.

నిషేధమొక్కటే కొండను బ్రతికింపదు. అరకులోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళికగుర్తింపు లభించినది. పరదేశముల అంగళ్లకు చేరి ఆ కాఫీ మన్యపు పేరును నిలిపినది. గిరిజన సహకారసంస్థ 1956నుండి కొండసరకును కొనుచున్నది. గంజాయికి ముందుసొమ్మిచ్చు వర్తకుడు పొలము గట్టుకే వచ్చుచుండగా, కాఫీకి న్యాయమైన వెల సకాలమున ఆ గట్టుకే చేరినచో కుఱ్ఱవాడు మూటనెత్తుకొను ప్రలోభము తగ్గును. సుంకపునౌకకు పెట్టు వ్యయములో కొంతభాగమిటు మరలినను అది సముద్రరక్షణకే పెట్టినట్లు.

మన పాఠకులలో భూస్వాములు కలరు, మిల్లుదారులు కలరు, లారీలు పడవలు బాడుగకిచ్చువారు కలరు. దొంగరవాణా అనగానే నడిసముద్రపు నల్లపడవను ఊహించుకొనుట మనకు సుఖముగ నుండును. అది మన గిడ్డంగితలుపు ముందునుండి, మన బాడుగలారీలో, మనము ప్రశ్నింపని సొమ్ముతో పోవుచుండవచ్చును. తన లారీలో ఏ సరకు పోయినదో అడుగు యజమాని ఒక సుంకపునౌకకంటె ఎక్కువ పని చేయగలడు. దేశపుటెల్ల 200 మైళ్లకు జరుగుట దేశమునకు గౌరవమే. ఆ అంచున పట్టువడిన నిరుపేద జాలరికిని, అరకు సంతదారిలో పట్టువడిన గిరిజనునికిని, విశాఖలోని ధనికునకు దొఱకు న్యాయమే దొఱకినపుడు ఆ గౌరవము నిలుచును.